మన ఊరి హార్డ్‌బాయిల్డ్ నవలలో తలుపులు తట్టేది ఎవరు?

ప్రశ్న: హనుమకొండ పాఠకుడు

నమస్కారం. హనుమకొండలో మేము కొందరు మిత్రులం చాలాకాలంగా అమెరికన్ హార్డ్‌బాయిల్డ్ నవలలు (ఊరి కుళ్లు మధ్యే తిరిగే మనిషి నడిపే కరుకైన నేర నవలలు) చదువుతూ, వాటి నీడలో పుట్టిన నోయిర్ సినిమాలు (చీకటి నిండిన నేర చిత్రాలు) చూస్తూ, వాటి గురించి గంటల తరబడి వాదించుకుంటూ ఉన్నాం. ఈ మధ్య మాలో ఒకరు వరంగల్ నేపథ్యంగా అటువంటి నవల రాయడానికి పూనుకున్నారు. సరుకుకు ఇక్కడ కొదవ లేదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి సీజన్లలో చేతులు మారే డబ్బు ఉంది. కాజీపేట జంక్షన్ మీదుగా రాత్రంతా నడిచే రైళ్లు ఉన్నాయి. పహాణీలో, అంటే భూమి రికార్డులో, ఒకరి పేరు, మోకా మీద, అంటే పొలంలో, మరొక మనిషి ఉన్న భూములు ఉన్నాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాను నమ్ముకుని ఒక తరమంతా సాగు చేసి, ఆ తరువాత కోర్టు మెట్లెక్కిన కుటుంబాలు ఉన్నాయి. అయినా ఆయన రచన మొదటి అధ్యాయంలోనే ఆగిపోయింది, ఎందుకంటే డిటెక్టివ్‌గా ఎవరిని పెట్టాలో తేలడం లేదు.

రేమండ్ చాండ్లర్ రాసిన 'ది బిగ్ స్లీప్' (1939)లో ఫిలిప్ మార్లో రోజుకు 25 డాలర్లూ, పైన ఖర్చులూ తీసుకుని పనిచేసే లైసెన్సు ఉన్న ప్రైవేటు డిటెక్టివ్. ఆ లైసెన్సు ఉండటం వల్ల ఎవరి ఇంటి తలుపైనా తట్టే అర్హత అతనికి దొరుకుతుంది. అదే లైసెన్సును పోగొడతామని పోలీసులు బెదిరించగలరు కాబట్టి అతని బతుకు ఎప్పుడూ ఒకరి దయ మీద ఉంటుంది. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలను నియంత్రించడానికి 2007లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టారు గాని అది చట్టం కాలేదు. మన పట్టణాల్లో ఆ బోర్డు పెట్టుకున్నవారు ప్రధానంగా పెళ్లి సంబంధాల వాకబులతో గడుపుతారు. హత్య జరిగితే అది పోలీసులకు, అక్కడి నుంచి కోర్టుకు వెళుతుంది. మధ్యలో ఇంకొకరికి చోటు లేదు.

మన అపరాధ పరిశోధక నవల ఈ చిక్కును తనదైన పద్ధతిలో దాటింది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నూ, అతని సహాయకుడు రాజునూ పోలీసులే గౌరవించి పిలుచుకుంటారు. అద్దె పుస్తకాల దుకాణాల కాలంలో ఆ నవలలను ప్రాణంగా చదివినవాళ్లం మేము, వాటిని తక్కువ చేసే ఉద్దేశం ఎంతమాత్రం లేదు. కానీ యుగంధర్ ఆ ఊరి బురద అంటకుండా లోపలికి వచ్చి, చిక్కుముడి విప్పి వెళ్లిపోగలడు, హార్డ్‌బాయిల్డ్ నాయకుడికి ఆ సౌకర్యం లేదు. అందువల్ల అడుగుతున్నాను: ఈ తరహా కథకు ప్రైవేటు డిటెక్టివ్ తప్పనిసరా? కాకపోతే వరంగల్‌లో ఆ బరువు మోయగలిగిన మనిషి ఎవరు?

సమాధానం: గోదావరిఖని నుంచి

మీరు చాండ్లర్ నుంచి మొదలుపెట్టారు గనుక లైసెన్సు దగ్గర ఆగిపోయారని నాకు అనిపిస్తోంది. ఆయనకన్నా ముందు ఈ తరహా నవలలు రాసిన డాషియల్ హామెట్ నుంచి మొదలుపెడితే జవాబు దొరుకుతుంది. హామెట్ 1915లో పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలో చేరి, సైన్యంలో గడిపిన కాలమూ క్షయతో మంచాన పడిన కాలమూ పోను, 1922 ప్రాంతం వరకు ఆ పనే చేశారు. ఆ ఏజెన్సీ దొంగలను పట్టుకోవడంతో సరిపెట్టుకోలేదు. గనుల యజమానుల తరఫున సమ్మెలను విరగ్గొట్టడం కూడా దాని వ్యాపారమే. అంటే హామెట్‌కు తెలిసిన డిటెక్టివ్ న్యాయం కోసం తిరిగే వీరుడు కాడు, జీతానికి పనిచేసే మనిషి.

మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ అనే రాగి గనుల పట్టణంలో 1917 జూన్‌లో స్పెక్యులేటర్ గనిలో మంటలు రేగి 168 మంది కార్మికులు చనిపోయారు. ఆ వెంటనే సమ్మె మొదలైంది. ఆగస్టు 1 తెల్లవారుజామున ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ణి ముసుగులు వేసుకున్నవారు అతని గదిలో నుంచి లాక్కుపోయి రైలు వంతెనకు ఉరివేశారు. ఆ నేరానికి ఎవరికీ శిక్ష పడలేదు. 'రెడ్ హార్వెస్ట్' (1929)లోని పర్సన్‌విల్ పట్టణం ఈ బ్యూట్ నుంచే వచ్చిందని విమర్శకులు సాధారణంగా అంగీకరిస్తారు. అందులో గనీ, బ్యాంకూ, పత్రికలూ ఒక్క ముసలి యజమాని చేతిలోనే ఉంటాయి. సమ్మెను అణచడానికి అతను కిరాయి గూండాలను దింపుతాడు. సమ్మె అణగిపోతుంది గాని గూండాలు తిరిగి వెళ్లరు, ఊరినే పంచుకుంటారు. చివరికి వాళ్లందరూ ఒకరినొకరు చంపుకున్న తరువాత ఊరు మళ్లీ ఆ ముసలి యజమానికే దక్కుతుంది. బొగ్గు బావుల మధ్య పుట్టి పెరిగిన నేను ఈ నవలను మొదటిసారి చదివినప్పుడు, మొదటి హత్య ఎవరు చేశారన్న ప్రశ్న కొన్ని అధ్యాయాలలోనే తేలిపోయినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. కంపెనీ ఎంత విస్తరిస్తే ఊరు అంత విస్తరించే చోట, ఒక మనిషి మరణానికి కారణం వెతకబోతే అది ఒక ఇంటి గుమ్మం దగ్గర ఆగదని మా ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు.

ఈ నవలలో కథ చెప్పేది కాంటినెంటల్ డిటెక్టివ్ ఏజెన్సీ ఉద్యోగి. అతనికి పేరే లేదు. పొట్టివాడు, లావుపాటి మనిషి, నలభై ఏళ్లవాడు; పై అధికారికి రిపోర్టులు రాసుకుంటూ, తాను చేసిన పనులు బయటపడకుండా ఆ రిపోర్టులను దిద్దుకునే మనిషి. అంతకన్నా ముఖ్యమైన సంగతి 'ద గ్లాస్ కీ' (1931)లో ఉంది. హామెట్ ఎంతో ఇష్టపడిన ఆ నవలలో ప్రధాన పాత్ర ప్రైవేటు డిటెక్టివే కాదు. నెడ్ బోమాంట్ జూదరి, ఆ నగరాన్ని నడిపే రాజకీయ నాయకుడికి కుడిభుజం; ఒక సెనేటర్ కొడుకు హత్యకు గురైనప్పుడు, అనుమానం తన నాయకుడి మీదికే మళ్లుతుంటే, ఆ నాయకుడితో స్నేహాన్నీ తన స్థానాన్నీ పణంగా పెట్టి నిజం తవ్వుతాడు. కనుక ప్రైవేటు డిటెక్టివ్ తప్పనిసరి కాదని ఈ రకానికి ఆద్యుల్లో ఒకరైన రచయితే నిరూపించి చూపారు. ఎవరి దగ్గర కూలి తీసుకుంటున్నాడో వారి తలుపే తట్టవలసి రావడం మాత్రం తప్పనిసరి.

ఆ లెక్కన నా సూచన మండల విలేకరి. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద, బతుకుతూ, ప్రకటనల కోసం ఏ నాయకుడి చుట్టూ తిరగాలో అతని మీదే వార్త రాయవలసిన పరిస్థితిలో ఉన్న మనిషికి మించిన హార్డ్‌బాయిల్డ్ నాయకుడు మన జిల్లాల్లో నాకు కనిపించడం లేదు.

సమాధానం: కాజీపేట సినిమా అభిమాని

పై మిత్రుడు 'రెడ్ హార్వెస్ట్' గురించి రాసింది చదివి సంతోషించాను, కానీ ఊరినే ముద్దాయిగా నిలబెట్టే వాదంతో పూర్తిగా ఏకీభవించలేను. ఆ వాదాన్ని చివరిదాకా తీసుకుపోతే మనిషి తప్పించుకుంటాడు. నోయిర్ సినిమా అతణ్ణి తప్పించుకోనివ్వదు. అసలు వెతికేవాడు లేకుండా, తప్పు చేసినవాడే కథ చెప్పే మార్గం కూడా ఒకటుంది. దానికి పునాది రచయిత జేమ్స్ ఎం. కెయిన్.

1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే గృహిణి, జడ్ గ్రే అనే అమ్మకాల ప్రతినిధితో కలిసి తన భర్తను చంపింది. ప్రమాద మరణానికి రెట్టింపు పరిహారం ఇచ్చే బీమా పాలసీ ఆ హత్యకు ముందే సిద్ధమై ఉంది. ఇద్దరికీ 1928 జనవరిలో మరణశిక్ష అమలు చేశారు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో పాత్రికేయుడిగా ఉన్న కెయిన్ ఆ కేసు నుంచి అల్లిన కథే 'డబుల్ ఇండెమ్నిటీ'. దాన్ని బిల్లీ వైల్డర్ 1944లో సినిమాగా తీశారు. స్క్రీన్‌ప్లే వైల్డర్‌తో కలిసి రాసింది మన చాండ్లరే. బీమా ఏజెంటు వాల్టర్ నెఫ్ ఒక రాత్రి గాయంతో తన ఆఫీసుకు వచ్చి, మాటలను రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని తాను చేసిన హత్యను తానే చెప్పుకుంటాడు. హంతకుడెవరో మొదటి నిమిషాల్లోనే మనకు తెలిసిపోతుంది. అయినా చివరి దాకా ఊపిరి బిగపట్టి చూస్తాం. వెతికే పని క్లెయిముల విభాగం అధికారి కీస్ చేస్తాడు. అతను పోలీసు కాడు, డిటెక్టివ్ కాడు, మోసపు క్లెయిము కనబడితే నిద్రపట్టని ఉద్యోగి. తాను కొడుకులా చూసుకునే మనిషే హంతకుడని అతనికి ఆలస్యంగా తెలుస్తుంది.

కాజీపేటలో ఉన్నవాళ్లం గనుక ఆ సినిమాలోని రైలు ఘట్టాన్ని మేము మరింత శ్రద్ధగా చూశాం. భర్తను కారులో చంపి, అతని వేషంలో నెఫ్ రైలెక్కి, చివరి పెట్టె నుంచి దిగిపోయి, శవాన్ని పట్టాల మీద పడేస్తారు. ఇక్కడ అదే జరిగితే మొదట పుట్టేది పరిధి తగాదా: పట్టాల మీద దొరికిన శవం రైల్వే పోలీసులది, కొంత ఇవతల దొరికితే స్థానిక స్టేషన్‌ది. శవాన్ని కొద్ది గజాలు జరిపితే కేసు చూసే చెయ్యే మారిపోతుంది. మీ మిత్రుడు ఈ సంగతిని వదులుకోకూడదు.

ఇక వెలుతురు గురించి ఒక మాట. ఈ రకం సినిమా అనగానే వర్షం, రాత్రి, కిటికీ పలకల నీడలు గుర్తొస్తాయి. 'డబుల్ ఇండెమ్నిటీ' ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ ఆ నీడలను ఎంత జాగ్రత్తగా వాడారంటే, మూసి ఉన్న గదిలో ఎండ చారలలో దుమ్ము కనిపించాలని గాలిలోకి సన్నని లోహపు పొడిని ఊదించారు. ఆ గదిని తెరమీద చూసినప్పుడు అక్కడ ఎవరో అప్పటికే చనిపోయినట్టు అనిపిస్తుంది. అయితే మన దగ్గర రాసేవారు లాస్ ఏంజెలెస్ రాత్రిని అరువు తెచ్చుకోనవసరం లేదు. అకిరా కురొసావా 1949లో తీసిన 'స్ట్రే డాగ్'లో యుద్ధానంతర టోక్యోలో ఒక కుర్ర పోలీసు తన పిస్తోలును బస్సులో పోగొట్టుకుని, ఊరంతా ఉడికిపోతున్న ఎండాకాలంలో దాని కోసం తిరుగుతాడు. చెమట, విసనకర్రలు, నీడ కోసం ఒరిగిన మనుషులు: ఆ సినిమా చీకటి అంతా ఎండలోనే ఉంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో వరంగల్ చౌరస్తాలోనో నిలబడినవారికి ఇంతకన్నా వివరించనక్కర లేదు.

నా సూచన అడ్తి దుకాణం గుమాస్తా. రైతుకు తక్‌పట్టీ (సరుకు అమ్మకపు లెక్క చీటీ) రాసిచ్చేది అతనే, యజమాని కోసం రెండో లెక్క రాసేది అతనే. ఏదో ఒక సీజన్‌లో ఆ రెండు లెక్కల మధ్య తేడాను తనకోసం దాచుకోవాలన్న ఆశ అతనికి కలుగుతుంది. అక్కడ మొదలుపెట్టి అతని గొంతుతోనే చెప్పించండి. వెతికేవాడు తరువాత తనంతట తానే వస్తాడు.

సమాధానం: వరంగల్ నుంచి ఒక న్యాయవాది

చర్చ మంచి దారిలో సాగుతోంది. రెండు విషయాలు కలపాలనుకుంటున్నాను.

మొదటిది, ఇప్పటివరకు పేర్కొన్న వెతికేవాళ్లందరూ మగవాళ్లే. రాబర్ట్ సియోడ్‌మాక్ తీసిన 'ఫాంటమ్ లేడీ' (1944)లో, భార్యను చంపాడన్న కేసులో మరణశిక్ష పడిన ఇంజినీరును కాపాడటానికి రాత్రుళ్లు బార్లలోనూ వీధుల్లోనూ సాక్షుల వెంటపడేది అతని దగ్గర పనిచేసే సెక్రటరీ. దానికి మూలం కార్నెల్ ఉల్రిచ్ నవల. డొరొతీ బి. హ్యూజ్ 1947లో రాసిన 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్'లో కథ మొత్తం స్త్రీలను చంపే మనిషి ఆలోచనల వెంట నడుస్తుంది. అయినా అతనిలో ఏదో తప్పుందని ముందుగా పసిగట్టేది చుట్టూ ఉన్న ఇద్దరు స్త్రీలు, అతని స్నేహితుడైన డిటెక్టివ్ కాదు. మోసగత్తె అందగత్తె పాత్రను మాత్రమే ఈ రకం నుంచి నేర్చుకుని వచ్చే మన సినిమాల పట్ల నాకున్న అసంతృప్తిని ఇక్కడ విస్తరించను, కానీ నవల రాసేవారు హ్యూజ్‌ను తప్పక చదవాలి.

రెండవది నా వృత్తికి సంబంధించినది. అనుమానాస్పద మరణం జరిగినప్పుడు పోలీసులు ఇన్‌క్వెస్టు జరపాలి. పూర్వం సీఆర్‌పీసీ 174 కింద జరిగేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద జరుగుతోంది. ఆ చుట్టుపక్కల నివసించే పెద్దమనుషులు ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో సమక్షంలో శవాన్ని చూసి, గాయాలు ఏమిటో, పైకి కనిపిస్తున్న మరణకారణం ఏమిటో రాసి, పోలీసు అధికారితో పాటు దానితో ఏకీభవించినవారు సంతకాలు పెట్టాలి. చాలా సందర్భాల్లో ఆ పంచనామాను ఎస్సై చెబుతుంటే, దస్తూరీ బాగున్న ఎవరో ఒకరు రాస్తారు. ఎవరు చంపారన్నది ఆ కాగితం పరిధిలోకి రాదని, మన ప్రాంతపు హైకోర్టు నుంచే వెళ్లిన ఒక కేసులో, సుప్రీంకోర్టు 1975లోనే స్పష్టం చేసింది. అయినా ఆ కాగితంలో రాని గాయాన్ని తరువాత కోర్టులో నిలబెట్టడం ఎంత కష్టమో క్రిమినల్ కేసులు నడిపిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఈ పంచ్ సాక్షుల గురించి తెలుగులో ఎవరూ తగినంత రాయలేదని నా అభిప్రాయం. దారిన పోతుంటే పిలిచి నిలబెట్టిన మనిషి అతను. శవాన్ని చూశాడు, సంతకం పెట్టాడు. కొన్నేళ్ల తరువాత సమన్లు వస్తాయి. బోనులో నిలబడి, తాను ఏమీ చూడలేదనీ, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారనీ చెబితే అతణ్ణి ప్రతికూల సాక్షిగా ప్రకటిస్తారు, కేసు ముందుకు వెళ్లిపోతుంది. అతనికి లైసెన్సు లేదు, జీతం లేదు, ప్రశ్నలడిగే హక్కు లేదు. చూసిన శవం మాత్రం అతణ్ణి వదలదు. విలేకరి కన్నా, గుమాస్తా కన్నా నాకు ఇతనే దగ్గరగా కనిపిస్తున్నాడు.

హనుమకొండ పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులను మా మిత్రుడికి చదివి వినిపించాను. ఆయన విలేకరిని పక్కన పెట్టారు, కారణం విలేకరికి అడగడం అలవాటైన పని. అడగడం అలవాటు లేని మనిషి మొదటిసారి అడిగితేనే ఊరు ఉలిక్కిపడుతుందని ఆయన అంటున్నారు. న్యాయవాది అమ్మగారు చెప్పిన దస్తూరీ బాగున్న మనిషి దగ్గర ఆయన ఆగిపోయారు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరిని నాయకుడిగా తీసుకోవాలని నిర్ణయించారు. ఊరిలో ఏ భూమి ఎవరి నుంచి ఎవరికి పోయిందో, ఏ సాదా బైనామా మీద తేదీ వెనక్కి వేశారో అతనికి తెలుసు. స్టేషన్‌తోనూ ఆఫీసుతోనూ మంచిగా ఉంటేనే అతని పొయ్యి వెలుగుతుంది. ఒక ఎండాకాలం తెల్లవారుజామున పట్టాల పక్కన దొరికిన శవం దగ్గరికి అతణ్ణి పంచనామా రాయడానికి పిలుచుకుపోతారు. చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. మెడ మీద తాను చూసిన గుర్తును ఎస్సై చెప్పలేదు, ఇతను రాయలేదు. చనిపోయిన రైతుకు తాను రాసిపెట్టిన దస్తావేజు ఒకటి ఉందని ఇంటికి వెళ్లాక గుర్తొస్తుంది. ఇకమీద అతను ఎవరిని అడగబోయినా ముందు నిలిచే సాక్ష్యం అతని చేతిరాతే. గోదావరిఖని మిత్రుడు చెప్పిన కూలి షరతూ, కాజీపేట మిత్రుడు కోరిన సొంత దోషమూ రెండూ ఇందులో ఒక్క మనిషిలోనే కుదిరాయని నాకు తోస్తోంది.

ఒక్క సందేహం మిగిలింది. కథను అతని గొంతుతో చెప్పించాలా, బయటి నుంచి చెప్పాలా?

గోదావరిఖని నుంచి

బయటి నుంచే చెప్పించండి. 'ద గ్లాస్ కీ'లో హామెట్ నెడ్ బోమాంట్ మనసులోకి ఒక్కసారి కూడా తొంగిచూడరు. అతను మీసం దువ్వుకోవడం, టోపీ తీయడం, మౌనంగా ఉండటం మాత్రమే మనకు చూపిస్తారు. లేఖరి తాను ఏం రాయలేదో తానే చెప్పుకుంటే పాఠకుడు అతణ్ణి త్వరగా క్షమించేస్తాడు. కలం ఆగిన చోటును చూపించి ఊరుకుంటే క్షమించాలో వద్దో పుస్తకం పొడుగునా తేల్చుకోలేడు. సంభాషణల్లో మన మాట ఉన్నదున్నట్టు ఉండనివ్వండి, కథనాన్ని మాత్రం పంచనామా అంత పొడిగా ఉంచండి.

వరంగల్ నుంచి ఒక న్యాయవాది

ఈ సలహాతో ఏకీభవిస్తున్నాను. రైలు పట్టాల పక్కన అన్నారు గనుక, ఇన్‌క్వెస్టు జరిపేది రైల్వే పోలీసులా, స్థానిక స్టేషనా అన్నది మొదటే తేల్చుకోమనండి. పిలిచే ఎస్సై ఎవరన్నది దాన్ని బట్టి మారుతుంది. శవాన్ని ఎంజీఎం ఆసుపత్రి మార్చురీకి పంపే లోపు పంచనామా పూర్తయి సంతకాలు కావాలి, పోస్టుమార్టం నివేదిక తరువాత వస్తుంది, ఆ రెండింటి మధ్య తేడా మీదనే మీ రెండో అధ్యాయం నిలబడుతుంది. మొదటి అధ్యాయం పూర్తయ్యాక పంచనామా భాగాన్ని ఇక్కడ పెట్టండి, నేను చదివి చూస్తాను. గంటలూ, సంతకాల వరుసా తప్పితే కోర్టు తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.